పప్పు ఉడకని నీళ్ళు

పోయిన నెల ఒక ఆదివారం మా అక్క కొడుకు కారు వేసుకుని తిరుత్తణికి వచ్చి, "చిన్నమ్మా, ఇంట్లో కూర్చోని ఏం చేస్తావు, సముద్రం చూసొద్దాం రా" అన్నాడు. వాడు ఊరికే సముద్రం చూపించే రకం కాదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను వాణ్ణి. చిన్నప్పుడు పెన్సిలు కావాలన్నా ముందు నా మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగేవాడు. అయినా రిటైరైన టీచరమ్మకు ఆదివారమేమిటి, సోమవారమేమిటి, బయలుదేరాను. పొన్నేరి దాటాం, పళవేర్కాడు, అదే పులికాట్, దాటాం. ఒకప్పుడు పడవ ఎక్కాల్సిన చోట ఇప్పుడు వంతెన ఉంది. వంతెన దిగి కొత్త తారు రోడ్డు మీద కాస్త దూరం పోయాక కారు ఆగింది. ఇసుకలో వరసగా పసుపు రంగు పూసిన రాళ్ళు పాతి ఉన్నాయి. పక్కన షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, టై కట్టుకుని ఆ ఎండలో చెమటలు కారుస్తున్న ఒక కుర్రాడు. వాడు నాకు కూల్‌డ్రింక్ ఇచ్చి, సముద్రం వైపు చెయ్యి చాపి, అదంతా తన సొంతమన్నట్టు చూపించాడు.

"మేడమ్, అన్నీ సీ వ్యూ మనైలే, ఇళ్ళ ప్లాట్లే. పదడుగులు తోడితే స్వీట్ వాటర్" అన్నాడు.

ఆ మాట విన్నాక నా నోట్లో కూల్‌డ్రింక్ చేదెక్కింది. ఈ ఊరి పేరేమిటని అడిగాను. రోడ్డు మొదట్లో కట్టిన ఆర్చి మీద ఉన్న ఇంగ్లీషు పేరు చెప్పాడు. అది కాదు, అంతకు ముందు ఏ ఊరని అడిగాను. "ముందు ఇక్కడ ఏమీ లేదు మేడమ్, ఉత్త ఇసక" అన్నాడు నవ్వుతూ. వాడి తప్పేమీ లేదు, వాడు పుట్టి ఎన్నేళ్ళయింది గనక. వచ్చేటప్పుడు కారులో నేను మాట్లాడకపోయేసరికి మా వాడు గ్రహించి, "నీళ్ళ గురించి బెంగ పెట్టుకుంటా ఉండావా చిన్నమ్మా? ఇప్పుడెవురు బావి నీళ్ళు తాగేది? అందురికీ క్యాన్ నీళ్ళే గదా" అన్నాడు. వాడికి తెలుగు మాట్లాడ్డం వచ్చుగానీ చదవడం రాదు, తమిళమే చదువుతాడు. అందుకని ఇది వాడి కోసం రాస్తున్నానని చెప్పలేను. నా కోసమే రాసుకుంటున్నాను. ఆ ఇసుకలో నేను ఒకటిన్నర వేసవి బతికాను. అక్కడ ఊరుండేది.

మా సొంత ఊరు ఆరణికి నడిచిపోయేంత దూరంలో, ఏటి ఒడ్డున. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో రెండూ కలిపి. మా ఇల్లంతా అవ్వ చేతి మీద నడిచేది. అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. కోడి కూయకముందే లేచి పొయ్యి అలికి, ముగ్గేసి, పిడకల పొగలో దగ్గుతూ ఎసరు పెట్టేది. ఆమెకు నీళ్ళ పిచ్చి. ఎవరింటికి పోయినా ముందు ఒక గుక్క తాగి, నాలుక తిప్పి, ఆ ఇంటి మీద తీర్పు చెప్పేసేది. మా పెద్దత్తకు సంబంధం చూడ్డానికి పోయినప్పుడు పిల్లవాడి చదువూ, నేలా అడగకుండా, "మీ బావి నీళ్ళల్లో పప్పు తొరగా ఉడుకుతుందా?" అని అడిగి తాత పరువు తీసిందట. ఆమె లెక్క ఆమెది. కందిపప్పు ఎసట్లో వేసి ఒక తమలపాకు చుట్టి నోట్లో పెట్టుకునేది. ఆకు నమలడం అయ్యేలోగా పప్పు మెత్తబడితే అవి నీళ్ళు. లేకపోతే కాళ్ళు కడుక్కోవడానికి పనికొస్తాయి, అంతే.

ఏటి ఒడ్డు కాబట్టి మా నీళ్ళకు ఏ లోటూ ఉండేది కాదు. అందులోనూ మా ఇంటి బావులంటే ఆ చుట్టుపక్కల పేరు. ఎండలు ముదిరి ఇతరుల బావులు అడుగంటితే మా వాళ్ళు దిగి ఇంకా లోతు తవ్వేవాళ్ళు. లోతుకు పోయేకొద్దీ నీళ్ళు చల్లగా, తియ్యగా ఉండేవి. మా తాత తన జీవితంలో సగం బావిలోపలే గడిపాడని అవ్వ ఎగతాళి చేసేది. లోతుగా తవ్వినవాడివే నీళ్ళు అని మా ఇంట్లో మగవాళ్ళందరికీ ఒక నమ్మకం, దేవుణ్ణి నమ్మినట్టే నమ్మేవాళ్ళు. మా నాయనయితే ఇంకా ఎక్కువ. మంచి మనిషే, కష్టపడే మనిషే, కానీ తనకు తెలిసినది లోకమంతటికీ వర్తిస్తుందని అనుకునేవాడు. ఆ గుణం మా ఇంట్లో ఇంకా కొంతమందికి ఉంది, నాకూ లేదని చెప్పను.

అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు నాయనకు వచ్చింది ఏటి పక్క సన్నటి మడి. బంగారం లాంటి నేలే, కానీ చిన్నది. నడిపివాడినని తనకు అన్యాయం జరిగిందని ఆయన మనసులో పడిపోయింది. సరిగ్గా అప్పుడే పాండురంగ మామ రావడం మొదలుపెట్టాడు. అమ్మకు వరసకు అన్న. మద్రాసులో భూముల బేరాలు చేసేవాడు. తెల్ల చొక్కా, నల్ల గొడుగు, జేబులో నశ్యం డబ్బీ. ఆయన వచ్చిన రోజు ఇల్లంతా నశ్యం వాసన, తుమ్ములు.

"బావా, మద్రాసులో మనిషి నిలబడేదానికి తావు లేదు. రేపు వాళ్ళంతా యాడికి పోవాల? సముద్రం పక్కకే రావాల. పళవేర్కాడు దాటినాక ఇసక నేల ఉండాది, అడిగే నాథుడు లేడు. ఇప్పుడు కొన్నోడే రేపు దొర. రోడ్డు వస్తుంది, బంగళాలు వస్తాయి. దాందాకా టెంకాయ చెట్లు పెట్టుకో, సరుగుడు పెట్టుకో, ఊరికే డబ్బులు" అనేవాడు.

నాయన వినేవాడు. వింటూ వింటూ ఆయన కళ్ళు ఎటో పోయేవి. ఒకరోజు అన్నం తింటూ అవ్వతో చెప్పాడు. ఏటి మడి అమ్మి అక్కడ కొంటానన్నాడు. ఇక్కడ ఇచ్చేదానికి అక్కడ ఐదింతల నేల వస్తుందన్నాడు. అవ్వ మజ్జిగ పోస్తున్నది ఆగిపోయింది.

"యాడో ఉప్పు గడ్డకు పోతానంటావేందిరా?"

"పరాయి చోటేం కాదుమా. మన యేటి నీళ్ళు పొయ్యేది అక్కడికే గదా."

"పొయ్యేది అక్కడికే. పోయినాక అవి నీళ్ళా రా?"

నాయన నవ్వేశాడు. అమ్మ తలుపు చాటున నిలబడి ఏమీ అనలేదు. పాండురంగ మామ తన వైపు మనిషి కాబట్టి ఏమన్నా తప్పే అవుతుందని ఆమె భయం. ఆ పంట కోసి ఇంటికి చేర్చాక మడి చేతులు మారింది. పెదనాన్న కూడా అడ్డు చెప్పలేదు, కొన్నది ఆయనే. మా అక్కకు అప్పటికే పెళ్ళయి వెళ్ళిపోయింది. నాయన, అమ్మ, అవ్వ, నేను, ఒక ఆవు. బళ్ళు మాట్లాడుకుని బయలుదేరాం. ఏరు దాటేటప్పుడు అవ్వ బండి ఆపించి, దిగి, దోసిటితో నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ ఎక్కింది.

ఆ ఊరు చేపలు పట్టేవాళ్ళ కుప్పం. ఒకవైపు సముద్రం, ఒకవైపు పులికాట్ సరస్సు, మధ్యలో సన్నటి ఇసుక నేల. తాటాకు కొట్టాలు, ఇళ్ళ ముందు ఆరవేసిన వలలు, ఎండుతున్న కరువాడు. ఎండుచేపల వాసన మొదటి వారం అవ్వను చంపింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే వంట చేసేది. తర్వాత తర్వాత ఆ వాసన మాకు తెలియడం మానేసింది, కానీ ఇసుక మాత్రం మానలేదు. అన్నంలో ఇసుక, పక్కలో ఇసుక, జడ విప్పితే ఇసుక. గాలికి నిన్న నడిచిన దారి ఈరోజు ఉండేది కాదు. ఊళ్ళోవాళ్ళు అలల చప్పుడు విని మరుసటి రోజు ఎలా ఉంటుందో చెప్పుకునేవాళ్ళు. నాకు మాత్రం అది ఎప్పుడూ ఒకటే చప్పుడు, ఎవరో ఇంటి వెనక నిలబడి పెద్దగా ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. రాత్రి దుప్పటి ముసుగు పెట్టుకున్నా వినిపించేది.

మా పక్క కొట్టంలో సెల్వి అక్క ఉండేది. తడ వైపు నుంచి వచ్చిన కోడలు, తెలుగు వచ్చు. మొదటిరోజే నన్ను నీళ్ళకు తీసుకెళ్ళింది. ఆ ఊళ్ళో బావి లేదు. ఇళ్ళకు వెనకగా, ఇసుక దిబ్బల పల్లంలో చెలమలు ఉండేవి, ఇంటికొకటి. మోకాలి లోతు గుంత, చుట్టూ ఇసుక జారకుండా తాటి మట్టలు. పొద్దు పొడిచే వేళకు ఆడవాళ్ళంతా అక్కడ చేరేవాళ్ళు. ఎవరూ బిందె ముంచరు. వెదురు పుల్లకు కట్టిన టెంకాయ చిప్పతో, పైపైన, పాల మీద మీగడ తీసినట్టు నీళ్ళు తీసి బిందెలో పోసుకోవాలి. చిప్పకు ఇసుక తగిలితే ఆపేయాలి. మళ్ళీ ఊరిందాకా కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి. నేను మొదటిరోజు తొందరపడి గుంతను చేత్తో కాస్త లోతు చేయబోతే సెల్వి అక్క నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు పాపా. కింద కడలమ్మ పండుకోనుంది. ఆమెను లేపకూడదు."

నాకు నవ్వొచ్చింది. ఇంటికి వచ్చి చెప్తే నాయన ఇంకా ఎక్కువ నవ్వాడు. కానీ ఆ నీళ్ళు తాగి అవ్వ నవ్వలేదు. నాలుక తిప్పి, "బాగుండాయే!" అంది, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు. ఆకు నమలడం అయ్యేలోగా పప్పు మెత్తబడింది. అటూ ఇటూ ఉప్పు నీళ్ళుండి మధ్యలో ఇవి ఎక్కడివని అవ్వ రోజూ ఆశ్చర్యపోయేది. వాన నీళ్ళు ఇసుకలో దిగి, కింద ఉన్న ఉప్పు నీళ్ళ పైన తేలి నిలబడతాయనీ, ఆ పల్చటి పొర మీదే ఆ ఊరంతా బతుకుతోందనీ నేను కాలేజీలో చదువుకునేదాకా నాకు తెలియదు. మా నాయనకు చెప్పేవాళ్ళు లేరు, చెప్పినా వినేవాడు కాదేమో.

"చిప్పతో తోడుకుంటా ఎన్నాళ్ళు బతుకుతారు వీళ్ళు? చేతికందే నీళ్ళే ఇంత తియ్యగా ఉంటే, లోతున ఎట్లుంటాయో!" అన్నాడు.

ఆరణి వైపు నుంచి బావి తవ్వే మనుషుల్ని రప్పించాడు. సిమెంటు వరలు పడవలో వచ్చాయి. నూనె ఇంజను రెండు పడవలు జోడించి కట్టి తెచ్చారు. ఊరంతా రేవులో నిలబడి చూసింది. సెల్వి అక్క మామగారు, కన్నియప్ప తాత, ఆ ఊరికి పెద్ద, ఒక్కడే ముఖం ముడుచుకుని వచ్చి నాయన ముందు నిలబడి చేతులు ఊపాడు. "వేండాం సామీ. ఇంద ఊరిలె కిణరు వేండాం." వద్దు, ఈ ఊళ్ళో బావి వద్దు అని. ఎందుకు వద్దో అడిగితే కడలమ్మ సంగతే చెప్పాడు. నాయన ఆయన్ను కూర్చోబెట్టి, మర్యాదగా కాఫీ ఇప్పించి, మా తాతల కాలం నుంచీ మేము బావులు తవ్వినవాళ్ళమనీ, లోతు నీళ్ళకు తిరుగులేదనీ ఓపిగ్గా చెప్పాడు. తాత కాఫీ తాగకుండా లేచిపోయాడు. ఆయన కొడుకు, సెల్వి అక్క మొగుడు, మాత్రం వరలు దించడానికి కూలికి వచ్చాడు. ఊళ్ళో చాలామందికి అది సంతోషంగానే ఉండింది. ఇప్పుడు తలచుకుంటే నాకు అదే ఎక్కువ భయం వేస్తుంది.

నీళ్ళు పడిన రోజు మా వైపు ఆచారం ప్రకారం బావిలో పసుపు నీళ్ళు చల్లి, టెంకాయ కొట్టి, పొంగలి వండి ఊరందరికీ పెట్టాం. ఇంజను డబడబమని మొదలై, గొట్టంలోంచి నీళ్ళు మనిషి తొడంత లావున దూకాయి. పిల్లలంతా కేకలేస్తూ కింద నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. కడుపుతో ఉన్న సెల్వి అక్క కాలువ గట్టున కూర్చుని చీరలు ఉతుక్కుంటూ, "ఇంక తెల్లారి చిప్ప పట్టుకోని కూర్చునే పని తప్పింది" అంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెలమలకు పోవడం మానేశారు. నాయన ఎవరినీ కాదనలేదు; ఎంతమంది పట్టుకుంటే అంత పొంగిపోయేవాడు. టెంకాయ మొక్కలు నాటాడు, దోస పాదులు పెట్టాడు. ఇసుకలో ఎంత పోసినా ఇంకిపోతుంది కాబట్టి ఇంజను పొద్దున మొదలైతే పొద్దు గూకేదాకా ఆగేది కాదు.

పాండురంగ మామ మద్రాసు నుంచి మనుషుల్ని తీసుకురావడం మొదలుపెట్టాడు. బూట్లలో ఇసుక పోతుంటే ఒంటికాలి మీద గెంతుతూ వాళ్ళు వచ్చి ఇంజను దగ్గర నిలబడి, దోసిలి పట్టి తాగి, "నల్ల తణ్ణి", మంచి నీళ్ళు అని మెచ్చుకునేవాళ్ళు. నీళ్ళున్న నేల విలువే వేరని మామ చెప్పేవాడు. కుప్పంలో మగవాళ్ళు కూడా వేట నుంచి వచ్చాక మా ఇంటి ముందు కూర్చుని, తమ ఇళ్ళ వెనక ఇసుకకు ఎంత వస్తుందని నాయనను అడిగేవాళ్ళు. నాయన వీధిలో కుర్చీ వేసుకుని చెప్పేవాడు. ఆయన మొహంలో అంత వెలుగు అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మొదట ఆవు తెలుసుకుంది. తొట్టిలో మూతి పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టి నిలబడిపోయేది. అమ్మ దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పోసింది. తర్వాత టెంకాయ మొక్కల ఆకుల కొసలు కాలినట్టు ఎర్రబడ్డాయి. ఎండ దెబ్బ అన్నాడు నాయన, ఇంకో తడి ఎక్కువ పెట్టాడు. సబ్బు నురగ రావడం లేదని అమ్మ సబ్బు కొట్టువాణ్ణి తిట్టింది. కాలువ ఎండిన చోట గట్టు మీద తెల్లగా పొడి లాంటిది పేరుకుంది. నేను వేలితో రాసి నాలుక మీద పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా చెయ్యి పావడాకు తుడుచుకున్నాను. చెప్పకపోయినా అందరికీ తెలుసని నా అనుమానం. ఆ రోజుల్లో మా ఇంట్లో నలుగురమూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా నీళ్ళు తాగేవాళ్ళం.

ఒకనాటి మధ్యాహ్నం నాయన అన్నానికి కూర్చున్నాడు. అమ్మ విస్తరి వేసి, అన్నం పెట్టి, పప్పు తేకుండా నిలబడింది. పొయ్యి దగ్గర అవ్వ కూర్చుని ఉంది. ఆకు ఎప్పుడో నమిలేసింది, దవడ ఊరికే ఆడుతోంది. కుండలో పప్పు తుకతుక ఉడుకుతూనే ఉంది, బద్ద బద్దగా.

"ఏందిమా, ఇంకా కాలేదా?" అన్నాడు నాయన.

"కాదురా," అంది అవ్వ, అటు తిరగకుండానే. "పొద్దున్నించీ మంట పెడతానే ఉండా. ఇది ఉడకదు."

నాయన లేచిపోయాడు. చారు పోసుకుని తినమని అమ్మ వెంటపడ్డా ఆగలేదు. నేరుగా బావి దగ్గరకు పోయి, ఒంగి, చాలాసేపు లోపలికి చూశాడు. అక్కడితో ఇంజను ఆపేసి ఉంటే, ఆ ఊరు ఇప్పటికీ ఉండేదేమో. కానీ ఆయన మా తాత కొడుకు. బావి చెడిందంటే పైనీళ్ళు చెడ్డాయని అర్థం, ఇంకా కిందికి పోవాలి, అంతే ఆయనకు తెలుసు. మళ్ళీ మనుషుల్ని పిలిపించాడు. పడవలో ఇంకా వరలు వచ్చాయి. అవ్వ బావి గట్టున కూర్చుని, "వద్దురా, పూడ్చెయ్‌రా, నా మాట వినరా" అని ఏడ్చింది. మా అవ్వ ఏడవడం నేను చూసింది అప్పుడే. నాయన ఆమెను రెక్క పట్టి లేపి ఇంట్లోకి తెచ్చి కూర్చోబెట్టి, "రెండు దినాలు ఓర్చుకోమా, మంచి నీళ్ళు తెప్పిస్తా నీకు" అన్నాడు. ఆ మాట అబద్ధం చెప్పాలని చెప్పలేదు. మనస్ఫూర్తిగా నమ్మి చెప్పాడు.

కొత్త వరలు దిగాక ఇంజను వేశారు. నీళ్ళు మునుపటికంటే లావుగా దూకాయి. నాయన దోసిలి పట్టి నోట్లో పోసుకున్నాడు. మింగలేదు. ఉమ్మేయనూ లేదు. నోట్లో పెట్టుకుని, మా అందరి వైపూ చూస్తూ అలాగే నిలబడ్డాడు.

మా బావి పోతే మా నేల పోయింది, అది మా ఖర్మ. కానీ ఆ వారంలోనే సెల్వి అక్క పాత చెలమకు పోయి, చిప్పతో తీసి తాగి, అక్కడే కూర్చుండిపోయింది. తర్వాత పక్క చెలమ, ఆ పక్కది. మా బావికి దగ్గరగా ఉన్నవి ముందు, దూరంగా ఉన్నవి వెనక, ఒక్కొక్కటే ఉప్పబారాయి. ఆడవాళ్ళు కొత్త చోట్ల గుంతలు తవ్వుతూ ఇసుకలో తిరిగేవాళ్ళు, తాగి చూసి లేచేవాళ్ళు. నిండు వేసవి. చివరికి పడవ మీద పళవేర్కాడు పోయి బిందెలతో తెచ్చుకోవడం మొదలైంది. గాలి ఎదురైతే పడవ పోదు, పోకపోతే నీళ్ళు లేవు. నెలలు నిండిన సెల్వి అక్క నెత్తిన బిందె పెట్టుకుని రేవు నుంచి నడిచి వస్తుంటే నేను ఇంట్లోకి పోయి దాక్కునేదాన్ని. ఆమె మాత్రం మా గుమ్మం ముందు ఆగి, "పాపా, మీ అవ్వకు ఒక చెంబెడు" అని పోసిపోయేది. ఆ నీళ్ళు అవ్వ తాగేది కాదు, అమ్మ బతిమాలి తాగించేది. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో నాకు ఆ చెంబు దగ్గర తెలిసింది.

కుప్పం మగవాళ్ళంతా కలిసి మా ఇంటికి వచ్చిన రోజు అమ్మ గొళ్ళెం పెట్టింది. నాయన తీశాడు. కొడతారనే అనుకున్నాడు, కొడితే తిందామనే బయటికి వచ్చాడు. వాళ్ళు గట్టిగా కూడా మాట్లాడలేదు. కన్నియప్ప తాత, పూడ్చేద్దాం రమ్మన్నాడు. ఆడా మగా గంపలతో ఇసుక మోశారు. నాయన అందరికంటే ముందు మోశాడు, వద్దన్నా వినకుండా అవ్వ కూడా కొంగులో ఇసుక పట్టి పోసింది. బావి నిండి నేలతో సమానమయ్యాక నాయన తాతను అడిగాడు.

"మళ్ళా తియ్యబడతాయా?"

తాత సముద్రం వైపు చూసి, వానలు పడాలన్నాడు. ఎన్ని వానలని అడిగితే తల అడ్డంగా ఊపాడు. తనకు తెలియదు, తన తండ్రి కాలంలో కూడా ఎవరూ చెడగొట్టలేదన్నాడు.

పాండురంగ మామ మళ్ళీ కనిపించలేదు. ఆ ఇసుక ఎవరికో ఇచ్చినంతకు ఇచ్చేసి, సొంత ఊరికి పోయే ముఖం లేక, తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో అద్దెకు దిగాం. నాయన ఒక బియ్యం మిల్లులో పనికి కుదిరాడు. తెల్లారితే రైలుకు పరిగెత్తే ఉద్యోగస్తుల మధ్య, వీధి కుళాయి దగ్గర బిందె వరసలో నిలబడి నేను పెద్దదాన్నయ్యాను. అవ్వ అక్కడే పోయింది. నాయన మాటలు తగ్గించేశాడు. ఒక్కటి మాత్రం మానలేదు. ఐప్పసి, అంటే దీపావళి నెల, వానలు మొదలైతే అరుగు మీద కూర్చుని, ఆ వైపు నుంచి వచ్చినవాడు ఎవడు దొరికినా, బస్సు కండక్టరైనా, ఉప్పు బండివాడైనా, "అక్కడ వాన పడిందా?" అని అడిగేవాడు. బాగా పడిందంటే ఆ పూట అన్నం కడుపునిండా తినేవాడు. వాన తప్పిన ఏడు ఆయనతో మాట్లాడ్డానికి మాకు భయం.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఒక మధ్యాహ్నం వీధిలో కరువాడు అమ్మే కేక వినిపించింది. గంప దించి నిలబడిన మనిషిని అమ్మ ముందు గుర్తుపట్టింది. సెల్వి అక్క. జుట్టు నెరిసింది, మనిషి సగమైంది. పొన్నేరి పక్కన గుడిసె వేసుకున్నామనీ, కన్నియప్ప తాత పోయాడనీ చెప్పింది. నాయన అరుగు మీద నుంచి లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఏం అడుగుతాడో అమ్మకూ నాకూ తెలుసు.

"సెల్వీ. చెలమ నీళ్ళు... తియ్యబడినాయా?"

"ఓ, ఎప్పుడో సామీ. పోయిన వానలకు నేనే పోయి చూసినా. మునుపటి మాదిరే ఉండాయి, చక్కెర మాదిరి" అంది సెల్వి అక్క.

నాయన కళ్ళు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. ఆమె గంపలో కరువాడు సర్దుకుంటూ, మామూలుగా చెప్పినట్టే చెప్పింది.

"తాగేదానికే ఎవురూ లేరు సామీ. నీళ్ళు లేక ఒకరెనక ఒకరు వచ్చేసినాం గదా. ఇండ్లన్నీ ఇసక కప్పేసింది."

ఎండన పడి వచ్చిందని అమ్మ లోపలికి పోయి కుళాయి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. సెల్వి అక్క తల ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "మీ నీళ్ళు బాగుండాయమ్మా" అంది. "ఇంకో చెంబు ఇస్తావా?"

అమ్మ కదిలేలోగా నాయన ఆమె చేతిలోంచి చెంబు తీసుకుని, తానే లోపలికి పోయాడు.